కురాంగ్ మానిస్ – తీపి తగ్గించండి!
మలేసియా కుటుంబాల జీవన విధానం మనకు నేర్పే ఆరోగ్య పాఠాలు



చేతిలో నాలుగు డబ్బులు ఆడితే ఇంట్లో రోగాలు తగ్గుతాయని మనం అనుకుంటాం. అది కొంతవరకే నిజం. పేదరికం తెచ్చే రోగాలు వెళ్ళిపోతాయి గాని, సౌఖ్యం తెచ్చే రోగాలు మరో వాకిట లోపలికి వస్తాయి. ఈ మార్పు ఒక్క తరంలో ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే మలేసియా దేశాన్ని చూడాలి. ఆ దేశం మనకు పరాయిది కాదు. నూరేళ్ళకు పైబడిన క్రితం విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుండి మన తెలుగు వారు ఓడలెక్కి అక్కడికి వెళ్ళారు. వారి మనుమలు, మునిమనుమలు నేడు ఆ దేశ పౌరులు. 1955లో స్థాపించుకున్న తెలుగు సంఘం నేటికీ అక్కడ మన భాషను కాపాడుతోంది. గనుక వారి ఆరోగ్యం సంగతి ఒక విధంగా మన ఇంటి సంగతే.

తోటల నాటి బ్రతుకు

బ్రిటిషు వారి కాలంలో మలయా అని పిలువబడిన ఆ దేశానికి మన వారు ఒప్పంద కూలీలుగాను, కంగాణీల వెంటను వెళ్ళారు. రబ్బరు తోటలలోను, పేరాక్ రాష్ట్రంలోని బాగన్ డాతో వంటి చోట్ల కొబ్బరి తోటలలోను పని చేశారు. చల్లని వేళలోనే రబ్బరు పాలు బాగా కారుతాయి గనుక తెల్లవారక ముందే లేచి, దీపం పట్టుకొని, వందలాది చెట్లకు గాటు పెట్టేవారు. పాలు పోగుచేసి మోసుకు వచ్చేవారు. రోజంతా నడకే, రోజంతా శ్రమే. తిండి మాత్రం కొద్దిపాటి అన్నం, పప్పు, ఎండు చేప, ఇంటి వెనుక పెరిగిన కూర.

ఆ రోజుల్లో వారిని చంపినవి మలేరియా, రక్త విరేచనాలు, కొంకి పురుగులు. అడవి నరికి తోట వేసిన చోటల్లా దోమ పుట్టేది. క్లాంగ్ పట్టణంలో 1901లో డాక్టర్ మాల్కం వాట్సన్ అనే వైద్యుడు బురద నేలల్లోని నీటిని కాలువలు తీసి బయటకు పంపించి మలేరియాను అణచివేసి చూపాడు. ఆ పని తరువాత తోటలకూ వ్యాపించింది. 2018 నుండి మనిషి నుండి మనిషికి దోమ మోసే మలేరియా ఆ దేశంలో స్థానికంగా కనబడలేదు. కోతుల నుండి మనుషులకు సోకే ఒక రకం మాత్రం అడవి ప్రాంతాల్లో మిగిలి ఉంది. 1957లో స్వాతంత్ర్యం వచ్చిన నాటికి సగటు ఆయుష్షు 60 ఏళ్ళు కూడా లేదు. నేడు అది 75 ఏళ్ళ దరిదాపుల్లో ఉంది. ఇందుకు దేవునికి స్తోత్రం చెల్లించవలసిందే.

అయితే 1980ల నుండి తోటలు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. కొన్ని పామాయిల్ తోటలయ్యాయి, కొన్ని ఇళ్ళ స్థలాలయ్యాయి, ఫ్యాక్టరీలయ్యాయి. తోట లైన్లలో ఉన్న కుటుంబాలు పట్టణాలకు చేరి అంతస్తుల ఇళ్ళలో కాపురం పెట్టాయి. నేడు మలేసియా ప్రజల్లో నలుగురిలో ముగ్గురు పట్టణవాసులే. తాత రోజుకు ఎన్నో మైళ్ళు నడిచాడు. మనుమడు కుర్చీలో కూర్చుని పని చేస్తాడు, మోటారు సైకిలు మీదనో కారులోనో ఇంటికి వస్తాడు. శ్రమ పోయింది గాని తాతనాటి అన్నపు ముద్ద మాత్రం తగ్గలేదు. పైగా దానికి నూనె, తీపి తోడయ్యాయి.

ఒక రోజు ఎలా గడుస్తుంది?

మలేసియాలో మలయ్, చైనా, భారత సంతతి ప్రజలు కలిసి జీవిస్తారు. మూడు జాతుల వంటలూ ఒకే వీధిలో దొరుకుతాయి. ఉదయం చాలామందికి ఇష్టమైన ఫలహారం ‘నాసి లెమాక్’. అంటే కొబ్బరి పాలలో వండిన అన్నం. దాని మీద కారపు సంబాల్, వేయించిన నెత్తళ్ళు, వేరుశనగ పలుకులు, గుడ్డు, రెండు దోసకాయ ముక్కలు. ఇంకొకరు ‘రోటీ చానాయ్’ తింటారు. అది మన పరోటా వంటిదే. మైదా పిండిని నూనెతో సాగదీసి, మడతలు వేసి, పెనం మీద కాల్చి, పప్పు పులుసుతో వడ్డిస్తారు.

వీటి పక్కన తప్పక ఉండేది ‘తే తారిక్’. చిక్కని టీ డికాక్షన్‌లో డబ్బాలో వచ్చే చిక్కటి తీపి పాలు కలిపి, ఒక లోటా నుండి మరొక లోటాలోకి ఎత్తు నుండి నురుగు వచ్చేట్టు పోస్తారు. చూడ ముచ్చటగా ఉంటుంది, రుచి కూడా మెండు. అయితే ఆ పాలలో చక్కెర ముందే కలిసి ఉంటుంది గనుక పైన చెంచాతో వేయకపోయినా గ్లాసు నిండా తీపే.

రాత్రి పొద్దుపోయాక కూడా అక్కడి వీధులు నిద్రపోవు. తమిళ ముస్లిముల వంశీకులు నడిపే ‘మామాక్’ దుకాణాలు చాలా చోట్ల రాత్రింబగళ్ళు తెరిచే ఉంటాయి. స్నేహితులు, కుటుంబాలు అక్కడ చేరి ఫుట్‌బాల్ ఆట చూస్తూ, మాట్లాడుకుంటూ, రాత్రి పది దాటాక కూడా నూడుల్స్, పరోటా, తీపి టీ తీసుకుంటారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో వారంలో అనేక పూటలు బయటి తిండే. ఇంట్లో పొయ్యి వెలిగించడం కంటే బయట కొనడం చవక అనిపించే దేశం అది.

ఇందులో మంచి లేకపోలేదు. వేర్వేరు జాతుల, మతాల వారు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. పండుగలకు ఇంటి తలుపులు తెరచి పొరుగువారిని పిలుస్తారు. క్రిస్మసు నాడు మన విశ్వాసుల ఇళ్ళకు మలయ్ వారు, చైనా వారు వస్తారు. అతిథి ప్రియత్వం దేవునికి ఇష్టమైన గుణమే. కాని ప్రతి ఆదరణా ఒక తీపి గ్లాసుతోనే జరిగితే శరీరం దాని లెక్క రాసుకుంటూనే ఉంటుంది.

లెక్కలు ఏమి చెబుతున్నాయి?

మలేసియా ఆరోగ్య శాఖ కొన్నేళ్ళకు ఒకసారి దేశమంతటా ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్య సర్వే చేయిస్తుంది. 2019 సర్వేలో పెద్దవారిలో నూటికి 18 మందికి చక్కెర వ్యాధి ఉన్నట్టు తేలింది. 2023 సర్వేలో అది నూటికి సుమారు 16కు వచ్చింది. అంటే ఆరుగురిలో ఒకరికి. అదే సర్వేలో నూటికి 29 మందికి అధిక రక్తపోటు, 33 మందికి కొలెస్ట్రాల్ ఎక్కువ. అధిక బరువో ఊబకాయమో ఉన్నవారు నూటికి 54 మంది. 2019లో వీరు 50 మంది. అంటే చక్కెర వ్యాధి లెక్క కొంత తగ్గినా నడుము చుట్టుకొలత పెరుగుతూనే ఉంది. చక్కెర, రక్తపోటు, కొలెస్ట్రాల్, ఊబకాయం ఈ నాలుగూ ఒకేసారి ఉన్నవారు ఐదు లక్షల మంది దాకా ఉన్నారు. కూరలు, పండ్లు చాలినంత తినని పెద్దలు 2019 సర్వే ప్రకారం నూటికి 95 మంది.

అన్నిటికంటె విచారకరమైన సంగతి ఏమిటంటే, చక్కెర వ్యాధి ఉన్న ఐదుగురిలో ఇద్దరికి అది తమకు ఉన్నట్టే తెలియదు. ఎందుకంటే మొదట్లో అది నొప్పి పెట్టదు. దాహం వేస్తే ఎండ అనుకుంటాం. నీరసం వస్తే పని అనుకుంటాం. కాలి మీద పుండు మానకపోతే అప్పుడు ఆసుపత్రికి వెళతాం. అప్పటికే కళ్ళలోని, కిడ్నీలలోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని ఉండవచ్చు.

మలేసియాలో నేడు 50 వేలకు పైగా రోగులు డయాలసిస్ మీద బ్రతుకుతున్నారు. వారిలో ఎక్కువ మందిని అక్కడికి చేర్చింది చక్కెర వ్యాధే. యంత్రం ద్వారా రక్తం శుద్ధి చేయించుకునే వారు సాధారణంగా వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు మంచం మీద ఉండాలి. కూలి పోతుంది, ఉద్యోగం నిలవడం కష్టమవుతుంది, తోడు వెళ్ళే భార్యకో కుమారునికో కూడా పని పోతుంది. ఒక్కరికి వచ్చిన రోగం ఇల్లంతటినీ పట్టుకుంటుంది. క్రైస్తవ సంఘాలు, ఇతర మతాల వారు, ధర్మ సంస్థలు కలిసి అక్కడ తక్కువ ఖర్చుతో డయాలసిస్ కేంద్రాలు నడుపుతున్నారు. అది గొప్ప సేవ. కాని ఆ మంచం వరకు పోకుండా ఒక మనిషిని ఆపగలిగితే అది ఇంకా గొప్ప సేవ.

మన రక్తంలో ఉన్న బలహీనత

అక్కడి మూడు పెద్ద జాతుల్లో చక్కెర వ్యాధి అధికంగా ఉన్నది భారత సంతతి వారిలోనే. 2019 సర్వేలో వారిలో నూటికి 31 మంది దాకా ఈ వ్యాధి కనబడింది. అదే ఊరు, అదే గాలి, అదే దుకాణం. అయినా మన వారికే ఎక్కువ. కారణమేమి?

భారతీయుల శరీర నిర్మాణంలో కండ తక్కువ, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ. చూడడానికి సన్నగా కనబడేవారికి కూడా పొట్ట లోపల, కాలేయంలో కొవ్వు చేరుతుంది. అలా చేరిన కొవ్వు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది. అందుకే వైద్యులు మన వంటి ఆసియా ప్రజలకు హద్దులు తక్కువగా పెట్టారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. దీనికి వంశంలో వచ్చే గుణం కూడా తోడవుతుంది. తండ్రికో తల్లికో ఉంటే బిడ్డలకు వచ్చే అవకాశం హెచ్చు.

“అది పట్నం వాళ్ళ రోగం, పొలం పని చేసుకునే మనకెందుకు వస్తుంది?” అని మన ఊళ్ళలో అంటారు. తోటల్లో పని చేసిన వారి పిల్లలకు ఎలా వచ్చిందో ఇప్పుడు చూశాం కదా! మన ఊళ్ళలో కూడా నాట్లకు, కోతలకు యంత్రాలు వచ్చాయి. పొలానికి బండి మీద వెళుతున్నాం. జొన్న, రాగి, సజ్జ పోయి మూడు పూటలా తెల్లన్నం వచ్చింది. చిన్న దుకాణాల్లో కూడా శీతల పానీయాల సీసాలు వేలాడుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధిగ్రస్తులున్నారని, మరి 13 కోట్లకు పైగా ప్రజలు దాని అంచున నిలిచి ఉన్నారని అది తెలిపింది. గనుక మలేసియా మనకంటే ఒక తరం ముందుగా నడుస్తున్న అన్న వంటిది. అన్న కాలు ఎక్కడ జారిందో చూసి తమ్ముడు జాగ్రత్త పడాలి.

వారు ఏమి చేస్తున్నారు?

ఆ దేశం చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2013 అక్టోబరులో చక్కెర మీద ఇచ్చే సబ్సిడీని తీసివేసింది. 2019 జూలై 1 నుండి 100 మిల్లీలీటర్లలో 5 గ్రాములకు మించి చక్కెర ఉన్న పానీయాల మీద లీటరుకు 40 సెన్‌ల పన్ను వేసింది. దానిని 2024 జనవరిలో 50 సెన్‌లకు, 2025 జనవరిలో 90 సెన్‌లకు పెంచింది. భోజనశాలల్లో పొగ త్రాగడాన్ని 2019 జనవరి 1 నుండి నిషేధించింది. ఊరూరా ఉన్న ప్రభుత్వ క్లినిక్‌లలో దేశ పౌరులు ఒక్క రింగిట్ చెల్లించి వైద్యుని చూడగలరు.

సామాన్యులకు నేర్పే పాఠం కూడా సులువుగా పెట్టారు. ‘సుకు సుకు సెపారో’ అన్నది ఆ నినాదం. పావు, పావు, సగం అని అర్థం. కంచంలో పావు వంతు అన్నం, పావు వంతు చేప, మాంసం, గుడ్డు లేదా పప్పు, మిగిలిన సగం కూరలు, పండ్లు. దీనికి తూకం అక్కరలేదు, చదువు అక్కరలేదు. కంచాన్ని చూస్తే చాలు.

దుకాణాల్లో ఇంకొక మాట వినబడుతుంది. టీ అడిగేటప్పుడు ‘కురాంగ్ మానిస్’ అంటారు. తీపి తగ్గించమని అర్థం. పాలు లేకుండా కావాలంటే ‘తే ఓ’, దానిలో చక్కెర కూడా వద్దంటే ‘తే ఓ కొసోంగ్’ అంటారు. ఈ మాట అడగడానికి అక్కడ ఎవరూ సిగ్గుపడరు. ఇచ్చేవారు చిన్నబుచ్చుకోరు. మన ఊళ్ళలో మాత్రం ఇంటికి వచ్చిన పాస్టరు గారు “అమ్మా, నాకు చక్కెర లేకుండా” అంటే, “అయ్యో, ఇంత చప్పటి టీ మీకెలా ఇస్తామండీ!” అని ఇల్లాలు నొచ్చుకుంటుంది. ఆ మొహమాటంలోనే ఇద్దరికీ నష్టం.

ఉపవాసము, ప్రార్థన, మాత్ర

మలేసియాలో ముస్లిములు రంజాన్ నెలంతా పగటి ఉపవాసం ఉంటారు. చక్కెర వ్యాధి ఉన్నవారు ఆ నెల మొదలవక ముందే తమను కలవాలని అక్కడి వైద్యులు చెబుతారు. కొందరికి మందుల వేళలు, మోతాదులు మారుస్తారు. కొందరిని ఉపవాసం మానమంటారు. ఇందులో మనకు ఒక హెచ్చరిక ఉంది.

మన సంఘాల్లో శ్రమల దినాల ఉపవాసాలు, శుక్రవారపు ఉపవాస కూటాలు ఉన్నాయి. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల షుగర్ మాత్రలు తీసుకునే సహోదరి ఉదయం మందు వేసుకొని సాయంత్రం వరకు ఏమీ తినకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక, స్పృహ తప్పడం దాని గురుతులు. స్పృహలో ఉంటే వెంటనే చక్కెర నీరో పండ్లరసమో ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. అటువంటి వారు వైద్యుని అడగకుండా ఉపవాసం ఉండరాదు. వారు పూట భోజనం మానకుండా ఆ గంట ప్రార్థనలో గడిపినా ప్రభువు అంగీకరించును. ఆయన హృదయాన్ని చూచువాడు.

ఇంకొక సంగతి కూడా ప్రేమతో చెప్పాలి. ప్రార్థన చేయించుకున్నాం గనుక ఇక మందు వేసుకోవడం అవిశ్వాసమని కొందరు తలంచుతారు. మాత్రలు మానేస్తారు. కొన్నాళ్ళు ఏమీ కాదు. తరువాత చూపు మందగిస్తుంది, కాలు పోతుంది. దేవుడు స్వస్థపరచువాడు, ఇందులో సందేహం లేదు. ఆయన వైద్యుని చేతి ద్వారా కూడా స్వస్థపరచును. లూకాను వైద్యుడని పౌలు ప్రేమతో పేర్కొన్నాడు (కొలొస్సీ 4:14). హిజ్కియా రాజు ప్రార్థించినప్పుడు దేవుడు ఆలకించాడు, అంజూరపు ముద్ద పుండు మీద కట్టించడం కూడా జరిగింది (2 రాజులు 20:7). ప్రార్థనా మందూ ఒకదానికొకటి విరోధులు కావు. స్వస్థత కలిగిందని నమ్మినవారు మరల రక్త పరీక్ష చేయించుకొని, వైద్యుడు మానమంటేనే మందు మానాలి. అది విశ్వాసానికి తక్కువ కాదు. స్వస్థపడిన కుష్ఠురోగిని ప్రభువే యాజకునికి కనపరచుకొమ్మని పంపాడు గదా!

మన ఇంట, మన సంఘంలో

ఇప్పుడు మనం చేయగలిగినవి ఆలోచిద్దాం. ఇందుకు డబ్బు పెద్దగా అక్కరలేదు.

1. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివారూ ఏడాదికి ఒకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, పరగడుపు షుగర్ చూపించుకోవాలి. పరగడుపున 100 లోపు ఉంటే మంచిది. 100 నుండి 125 వరకు హెచ్చరిక. మరల చూసినా 126 లేక అంతకు మించి ఉంటే చక్కెర వ్యాధి. అంచున ఉన్నవారు బరువు తగ్గి, నడక అలవరచుకుంటే చాలామంది వెనుకకు మళ్ళగలరు.

2. టీలో చక్కెరను ఒక్కసారిగా మానలేకపోతే వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. నాలుక కొద్ది వారాల్లో అలవాటు పడుతుంది. రోజు మొత్తానికి అదనపు చక్కెర 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఒక్క శీతల పానీయపు సీసాలోనే అంతకంటే ఎక్కువ ఉండవచ్చు.

3. కంచంలో అన్నం తగ్గించి, ఆకు కూర, కాయ కూర పెంచండి. తోటకూర, బచ్చలి, మునగాకు, సొరకాయ మన పెరట్లోనే పండుతాయి. రోజుకు ఒక పూట జొన్న రొట్టో రాగి సంకటో అలవాటు చేసుకోండి. అయితే సంకటి అయినా మితంగానే తినాలి.

4. భోజనమయ్యాక పదిహేను నిమిషాలు నడవండి. రోజుకు మొత్తం అరగంట, వారానికి ఐదు రోజులు నడిస్తే చాలా మేలు. దంపతులు కలిసి నడిస్తే మాట్లాడుకునే సమయం కూడా దొరుకుతుంది. సాయంకాల ప్రార్థనకు బండి మీద కాక నడిచి వెళ్ళండి.

5. షుగర్ ఉన్నవారు రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. చెప్పులు లేకుండా పొలంలోకి పోరాదు. చిన్న గాయమైనా అశ్రద్ధ చేయరాదు.

6. సంఘ పెద్దలకు, స్త్రీల సమాజానికి ఒక మనవి. ప్రేమ విందులో, క్రిస్మసు కూటంలో తీపి లేని టీ ఒక పాత్రలో వేరుగా ఉంచండి. బిర్యానీ పక్కన ఒక కూర, పెరుగు, పండ్ల ముక్కలు పెట్టండి. ఏడాదికి ఒకసారి ఆరాధన తరువాత నర్సమ్మ గారినో ఎ.ఎన్.ఎం. గారినో పిలిచి మందిరం ఆవరణలోనే పరీక్షలు చేయించండి. పాస్టరు గారు మొదట చేయి చాపితే సంఘమంతా చాపుతుంది.

వాక్యము ఏమంటుంది?

మన దేహము మన సొత్తు కాదనియు, అది పరిశుద్ధాత్మకు ఆలయమనియు, విలువ పెట్టి కొనబడినదనియు పౌలు కొరింథీయులకు బోధించాడు (1 కొరింథీ 6:19-20). మందిరం గోడ పగిలితే చందా వేసి బాగు చేస్తాం. ఈ ఆలయాన్ని మాత్రం పాడుబడనిస్తామా? తేనె దొరికినా తగినంతే తినమని, మించితే వెళ్ళగ్రక్కవలసి వస్తుందని సామెతల గ్రంథము హెచ్చరించింది (సామెతలు 25:16). తేనె చెడ్డదని చెప్పలేదు, మితము నేర్పింది. దానియేలు రాజు గారి భోజనాన్ని వద్దని, శాకాహారము, నీళ్ళు కోరుకున్నప్పుడు పది దినముల తరువాత అతని ముఖము మిగిలిన వారికంటె కళగా ఉండెను (దానియేలు 1).

మన పెద్దలు ఆకలికి తాళలేక ఓడ ఎక్కారు. వారి బిడ్డలకు ఆకలి తీరింది. ఇప్పుడు వారు తమ బల్ల మీదనే ‘తీపి తగ్గించండి’ అని చెప్పడం నేర్చుకుంటున్నారు. మనమూ ఆ మాటను సిగ్గుపడకుండా పలుకుదాం. మన పిల్లలకు పొలము, ఇల్లు మిగల్చడం మంచిదే. వారిని పెంచి పెద్ద చేసేదాకా ఆరోగ్యంగా బ్రతికి ఉండడం, ఆసుపత్రి అప్పులు వారి నెత్తిన వేయకుండా ఉండడం అంతకంటె మంచి ఆస్తి. ఈ నెలలోనే మీ కుటుంబమంతా కలిసి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రండి. వచ్చిన ఫలితం ఏదైనా దానిని ప్రభువు ఎదుట ఉంచి, వైద్యుని మాట విని నడుచుకోండి. ప్రభువు మీకును మీ ఇంటివారికిని ఆయురారోగ్యములు దయచేయును గాక! ఆమేన్.